అంకెల యుగములో ఆంగ్ల సాహిత్యము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఆంగ్ల సాహిత్యమును గూర్చి మాటలాడుటకు ఈ లెక్కల మనిషికి గల అధికార మేమి అని మీలో కొందరైనను అనుకొనుచుందురు. ఆ సందేహము న్యాయమైనదే. నేను కళాశాల గడప త్రొక్కినవాడను కాను. మా తండ్రిగారు ఈ గ్రామ కరణములు. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట ఆయన దఫ్తరము మూటకట్టి అటక మీద పెట్టిరి. నేను పంచాయతీ లెక్కలును, సహకార సంఘము లెక్కలును వ్రాసికొనుచు, సాయంకాలము ఈ గ్రంథాలయమున కూర్చుండి, భారత భాగవతములను టీకల సాయమునను, ఆంగ్ల గ్రంథములను నిఘంటువు సాయమునను చదువుకొన్నవాడను. అయినను నేటి విషయమునందు నాకొక చిన్న హక్కు కలదని మనవి చేయుచున్నాను. డిజిటల్ అనగా అంకెలకు సంబంధించినది. కంప్యూటరు అక్షరమును సయితము అంకెగా మార్చి దాచుకొనును. సున్న, ఒకటి అను రెండంకెలతోనే షేక్స్పియరు నాటకములన్నియు అందులో ఇమిడిపోవును. సాహిత్యము అంకెలలోనికి దిగివచ్చినప్పుడు, అంకెలతో బ్రదుకువాడు ఒక మాట చెప్పినచో విజ్ఞులైన మీరు మన్నింతురని నమ్ముచున్నాను.

ఈ ప్రసంగమునకు వేరొక కారణము కూడ కలదు. రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు కంప్యూటర్లు తెప్పింపవలెనని మన యువకులు కోరిరి. కోరిక మంచిదే. అయితే స్థలము చాలదు గనుక గోడవారనున్న ఇంగ్లీషు బీరువాను తీసివేసి, అందలి పుస్తకములను తూకమునకు అమ్మవచ్చునని ఒక సూచన వచ్చినది. "అవి యన్నియు ఫోనులో ఉన్నవి గదా!" అన్నది వారి వాదము. జమాఖర్చులు చూచువాడను గనుక దీనిమీద నా అభిప్రాయము చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. ఆ అభిప్రాయమును కడపట చెప్పెదను. ఈ డిజిటల్ విద్య ఆంగ్ల సాహిత్యమునకు చేసిన మేలు ఏమి, తెచ్చిన కీడు ఏమి, ముందుగా జమ పద్దులు, తరువాత ఖర్చు పద్దులు చదివెదను.

మొదటి జమ పద్దు నా స్వానుభవము. ఆ బీరువాలోనే 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అను నవల యొకటి కలదు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ వ్రాయగా 1766లో అచ్చయినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము'నకు కొంతవరకు త్రోవ చూపిన గ్రంథ మదియే. పంతులుగారి నవలను చదివిన ఉత్సాహమున, గ్రంథాలయము పెట్టిన రెండవయేట ఆ ఆంగ్ల నవలను చేతబట్టితిని. దినమునకు ఒక పుటయో, అర పుటయో. అందలి పాదిరిగారు సాధువు. ఆయనకు కష్టము మీద కష్టము వచ్చును. ధనము పోవును, పెద్దకుమార్తె మోసపోవును, ఇల్లు కాలిపోవును, భూస్వామికి శిస్తు చెల్లింపలేక చెరసాలలో పడును. ఇరువది యెనిమిదవ ప్రకరణమున కన్నకొడుకే సంకెళ్లతో ఆ చెరసాలకు తేబడును. అచ్చట పుస్తకము ముగిసినది. కథ ముగియలేదు, చెదలు ముగించినవి. ముప్పదిరెండు ప్రకరణములలో కడపటి నాలుగింటిని అవి తినివేసినవి.

పట్టణమునకు పోయినప్పుడెల్ల పాతపుస్తకముల అంగళ్లలో అడిగితిని. దొరకలేదు. పదునొకండేండ్లు ఆ పాదిరిగారు నా మనస్సులో చెరసాలయందే యుండిరి. ఒక సంక్రాంతికి వచ్చిన మా మేనకోడలితో మాటవరుసకు ఈ సంగతి చెప్పగా, ఆ పిల్ల "మామయ్యా, పుస్తకము పేరు చెప్పు" అని ఫోను తీసి, నేను వక్కపొడి నమలునంతలో ఆ నాలుగు ప్రకరణములను నా చేత పెట్టినది. కాని ఖర్చు లేదు. ఆ రాత్రి రెండు గంటల వరకు ఆ చిన్న అద్దము మీద చదివి, పాదిరిగారిని విడిపించి, అప్పుడు పండుకొంటిని. ఈ మేలును నేను మరువజాలను.

అయితే ఆ గ్రంథము ఫోనులోనికి దానంతటది నడచి రాలేదు. 1971 జూలై 4వ తేదీన అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను విద్యార్థి తమ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను స్వయముగా కంప్యూటరులో టైపు చేసి, కోరినవారందరికి అందునట్లు ఉంచెను. ఐరోపాలో అచ్చునకు ఆద్యుడైన గూటెన్‌బర్గు పేరే ఆ పనికి పెట్టెను. 2011లో హార్టు కాలధర్మము చెందెను, పని నిలువలేదు. నేడు ఆ భాండాగారమున డెబ్బదివేలకు మించిన గ్రంథములు కలవు. హక్కుల గడువు తీరిన పాత గ్రంథములు గనుక ఎవరికిని రుసుము లేదు.

అందులోని శ్రమను కూడ తెలిసికొనవలెను. పుటను ఫొటో తీసి, అందలి అక్షరములను యంత్రముచేత చదివింతురు. అచ్చు చెదరినచో యంత్రము 'హీ' అను మాటను 'బీ' అని చదువును. కనుక 2000 సంవత్సరమున ఒక సేవాసంఘము ఏర్పడినది. ఇండ్లలో కూర్చున్న సామాన్యులు తలకొక పుట చొప్పున తీసికొని, మూలపు బొమ్మతో పోల్చి దిద్దుదురు. ఒకరు దిద్దిన దానిని మరియొకరు దిద్దుదురు. జీతము లేదు. మన యూరి లెక్కలను తాలూకా కచేరీలో సరిచూచినట్లు లోకమంతటను ఎవరో తెలియనివారు ఆంగ్ల సాహిత్యమును పుట పుటగా సరిచూచుచున్నారు. మా మేనకోడలు చూపిన అద్దము వెనుక ఇంతమంది చేతులు కలవు.

రెండవ జమ పద్దు చూపునకు సంబంధించినది. ఆంగ్లభాష పసిదనమునాటి వీరకావ్యములలో 'బేవుల్ఫ్' ప్రసిద్ధము. 3,182 పాదముల ఆ కావ్యమునకు లోకమున ఒకే యొక వ్రాతప్రతి మిగిలినది. అది సుమారు వేయి సంవత్సరముల నాటిది. దానిని సర్ రాబర్ట్ కాటన్ అనునాయన తన గ్రంథభాండాగారమున భద్రపరచెను. ఈయన మన గోదావరి ఆనకట్ట కాటన్ దొర కాడు. ఆయనకు రెండు శతాబ్దులకు పూర్వుడు. 1731 అక్టోబరు 23వ తేదీన లండనులో ఆ గ్రంథములున్న భవనము అంటుకొన్నది. బేవుల్ఫ్ ప్రతి అంచులు మాడి బయటపడినది. తోలుపత్రముల మాడిన అంచులు ఏటేట పొడియై రాలిపోవుచుండెను. ఆ శతాబ్ది చివర థోర్కెలిన్ అను ఐస్లాండు పండితుడు లండను వచ్చి, ఒక నకలు వ్రాయించి, మరియొక నకలు తానే వ్రాసికొనెను. ఆయన కాలమున కనబడిన అక్షరములు కొన్ని నేడు మూలమున లేవు. ఆ నకళ్లయందే యున్నవి. మన దేశమున బ్రౌను దొర తాళపత్ర గ్రంథములకు నకళ్లు వ్రాయించి చేసిన మేలు వంటిదే ఇదియును.

1845లో ఆ పత్రములు ఇక రాలిపోకుండ ఒక్కొక్కదానికి చుట్టును కాగితపు చట్రము అతికించిరి. రాలుట ఆగినది, గాని చట్రము అంచు క్రింద వెనుకప్రక్క అక్షరములు మరుగుపడినవి. చట్రము తీసినచో పత్రము పోవును; తీయనిచో అక్షరము కనబడదు. 1993లో బ్రిటిష్ లైబ్రరీవారితో కలిసి కెవిన్ కీర్నన్ అను అమెరికా ఆచార్యుడు పని ప్రారంభించెను. పత్రము వెనుక సన్నని గాజుతంతుల దీపముంచి, ముందునుండి డిజిటల్ కెమెరాతో పట్టగా, దాగిన అక్షరములు బయటపడినవి. 1999లో ఆ చిత్రములన్నియు, థోర్కెలిన్ నకళ్లతో సహా, డిస్కు రూపమున వెలువడినవి. కొందరు పండితులు మాత్రమే తాకగలిగిన ప్రతిని నేడు విద్యార్థి తన బల్లమీద పెద్దదిగా చేసి చూడగలుగుచున్నాడు. ఇచ్చట ఒక మాట గమనింపుడు. దీపము అక్షరమును చూపినది; ఆ గీత ఏ అక్షరమో, ఆ అక్షరము ఏ మాటలోనిదో నిర్ణయించినవాడు ఆ భాష నేర్చిన పండితుడే.

మూడవది నా వృత్తికి మిక్కిలి దగ్గరిది. అది మాటల లెక్క. 1787, 1788 సంవత్సరములలో అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు ఎనుబదియైదు వ్యాసములు మారుపేరుతో వెలువడినవి. వానిలో పండ్రెండు హామిల్టన్ వ్రాసెనా, మాడిసన్ వ్రాసెనా అను వివాదము తెగలేదు. 1964లో మోస్టెల్లర్, వాలెస్ అను గణితవేత్తలు 'అపాన్' వంటి చిన్నమాటలను లెక్కించిరి. హామిల్టన్ ఆ మాటను తరచుగా వాడును. మాడిసన్ అరుదుగా వాడును. లెక్క మాడిసన్ వైపు మొగ్గినది. 1987లో జాన్ బరోస్ అను ఆస్ట్రేలియా పండితుడు జేన్ ఆస్టిన్ నవలలలో 'ది', 'ఆఫ్', 'ఐ' వంటి, ఎవరును పట్టించుకొనని మాటలను లెక్కించి, ఆమె పాత్రలలో ఒక్కొక్కరి పలుకుబడి ఒక్కొక్క తీరుగా నున్నదని చూపెను. పెద్దమాటలను మనము ఎంచి వాడుదుము. చిన్నమాటలు వాటంతట అవియే దొర్లును. మనిషి వేలిముద్ర అచ్చట పడును.

2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అను క్రొత్త రచయిత పేర 'కుకూస్ కాలింగ్' అను అపరాధపరిశోధక నవల వచ్చినది. హారీ పోటర్ కథలు వ్రాసిన రౌలింగే ఆ రచయిత యని ఒక పత్రికకు కబురందినది. ఆ పత్రికవారు ఇద్దరు విద్వాంసులచేత మాటల లెక్క వేయించిరి. ఆమెయే కావచ్చునని తేలినది. అడుగగా ఆమె ఒప్పుకొనెను. ఇందు రహస్యము పొక్కినది మనిషి నోటనే. లెక్క దానిని బలపరచినది. 2016లో ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిన షేక్స్పియరు గ్రంథావళిలో ఆరవ హెన్రీ నాటకములు మూడింటికిని మార్లోను సహకర్తగా పేర్కొనిరి. దానికి కూడ ఇట్టి లెక్కలు ఆధారములు. దానిని అంగీకరింపని పండితులును కలరు.

ఈ లెక్కలను నేను గౌరవింతును. అయితే లెక్కకు హద్దు కలదని నా కంటె ఎరిగినవా రెవరు? సంఘము పుస్తకములో ఏ రైతు ఎంత అప్పు తీసికొనెనో ఉండును. కూతురి పెండ్లికి తీసికొనెనా, బోరు ఎండిపోయినందున తీసికొనెనా అది చెప్పదు. అట్లే యంత్రము ఈ పంక్తి మార్లోదా, షేక్స్పియరుదా అని చెప్పవచ్చును. చచ్చిన కుమార్తెను చేతులమీద మోసికొనివచ్చిన లియరు రాజును చూచినప్పుడు మన గొంతు ఏల పట్టుకొనునో చెప్పజాలదు. అది చదివినవానికే తెలియును.

ఇక క్రొత్త రచన సంగతి. డికెన్సు 1836లో 'పిక్విక్' కథను నెలకొక భాగముగా షిల్లింగు వెలకు అమ్మించెను. పత్రికలలో ధారావాహికలు చదివిన మనకు ఆ నిరీక్షణ తెలిసినదే. ఆ పద్ధతి మరల వచ్చినది. ఆండీ వీర్ అను అమెరికా కంప్యూటరు ఉద్యోగి అంగారక గ్రహముమీద ఒంటరిగా చిక్కిన మనిషి కథను తన వెబ్‌సైటులో ప్రకరణము తరువాత ప్రకరణముగా ఉచితముగా ఉంచెను. చదువరులు శాస్త్రవిషయములలో తప్పులు పట్టి దిద్దించిరి. చదువుటకు వీలుగా నుండు రూపము కావలెనని వారు కోరగా, 2011లో కిండిల్ పుస్తకముగా ఒక డాలరుకు లోపు వెలకు పెట్టెను. 2014లో పెద్ద ప్రచురణకర్తలు అచ్చువేసిరి. మరుసటి యేడు 'ది మార్షియన్' పేర సినిమా వచ్చినది. అచ్చుకూటముల గడపకడ నిలిచి వేడుకొను అవసరము లేకయే రచయిత చదువరిని చేరెను. ఇది నాలుగవ జమ పద్దు.

ఖర్చు పద్దులకు వచ్చెదను. మొదటిది చిత్తుప్రతి. వెనుకటి కవి కొట్టివేసిన మాటయు కాగితముమీద కనబడుచుండెను. కంప్యూటరులో చెరిపినది చెరిపినట్లే పోవును. సల్మాన్ రష్డీ రచనలకు సంబంధించిన కాగితములతో పాటు ఆయన వాడిన పాత కంప్యూటర్లను సయితము అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమువారు సేకరించి, 2010లో పరిశోధకులకు తెరచిరి. పాత యంత్రము నడచిన తీరును క్రొత్త యంత్రమున అనుకరించి చూపవలసివచ్చినది. అంతటి శ్రద్ధ ఎందరి రచనలకు లభించును?

రెండవది కల్తీ. వాక్యములను తామే అల్లు యంత్రములు 2022 చివర సామాన్యుల చేతికి వచ్చినవి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో 'క్లార్క్స్‌వరల్డ్' అను కథల పత్రికకు యంత్రములచేత వ్రాయించిన కథలు వెల్లువగా వచ్చిపడగా, సంపాదకుడు కథలు స్వీకరించుటయే కొన్నాళ్లు ఆపివేసెను. నిజముగా రాత్రులు మేల్కొని కథ వ్రాసిన క్రొత్త రచయితకు ఆ తలుపు మూసికొన్నది. బియ్యములో రాళ్లు కలిపినవాని వలన బియ్యము పండించినవాడు నష్టపోయినట్లయినది.

మూడవది హక్కు. కొన్న పుస్తకము మనదను నమ్మకముతో బ్రదికితిమి. 2009 జూలైలో అమెజాన్ కంపెనీవారు, తమకు అమ్మినవానికి హక్కు లేదని తెలిసికొని, ఆర్వెల్ నవలలను కొన్నవారి కిండిళ్లలోనుండి వారికి చెప్పకయే తీసివేసిరి. సొమ్ము తిరిగి యిచ్చిరి. తరువాత తప్పు ఒప్పుకొనిరి. అయినను, ప్రజల కాగితములను మాయము చేయు ప్రభుత్వమును వర్ణించిన '1984' నవలయే అందులో ఒకటి యగుట వింత. మన బీరువాలోని పుస్తకమును లండనునుండి ఎవడును మాయము చేయలేడు.

నాలుగవది అన్నిటికంటె పెద్దది. అది మన్నిక. ఇచ్చట నేను చెప్పబోవు గ్రంథము కావ్యము కాదు, మా కరణముల జాతి పుస్తకము. 1086లో విలియం రాజు ఇంగ్లండు దేశమంతటను ఊరూరికి మనుష్యులను పంపి, భూమి యెంత, నాగళ్లు ఎన్ని, మరలు ఎన్ని అని వ్రాయించెను. దానికి 'డూమ్స్‌డే' గ్రంథమని పేరు. నేటికిని లండను దాపున కాగితభాండాగారములో భద్రముగా నున్నది; లాటిను వచ్చినవాడు చదువుకొనవచ్చును. దాని తొమ్మిదివందలవ యేట, 1986లో, బి.బి.సి. వారు క్రొత్త డూమ్స్‌డే సిద్ధము చేసిరి. పదిలక్షలకు మించిన జనులు, ముఖ్యముగా బడిపిల్లలు, తమ ఊళ్లను గూర్చి వ్రాసిరి. దానిని పళ్లెములంతేసి లేజరు డిస్కులలో నింపిరి. పదునాఱేండ్లు గడచునప్పటికి ఆ డిస్కులను చదువు యంత్రములు అరుదైపోయినవి. 2002లో విశ్వవిద్యాలయమువారు కష్టపడి వేరు త్రోవను కనుగొనవలసివచ్చినది. తోలు తొమ్మిది శతాబ్దులు నిలిచినది. డిస్కు రెండు దశాబ్దులకే దిక్కులేనిదైనది.

మరియొకటి. 2023 అక్టోబరులో దొంగలు బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లలో చొరబడి తాళము వేసి సొమ్మడిగిరి. గ్రంథాలయమువారు ఇయ్యలేదు. పుస్తకములు అలమారులలో నలగకుండ ఉన్నవి. గాని వాని పట్టిక 2024 జనవరి వరకు తెరచుకొనలేదు. ఇంటింట చూడవచ్చునని తెరమీద ఉంచిన వ్రాతప్రతుల చిత్రములు అంతకంటె దీర్ఘకాలము అందలేదు. 1731 నాటి అగ్ని, 2023 నాటి దొంగతనము, రెండును గ్రంథములకు వచ్చిన ఆపదలే. ఆ రెండు పర్యాయములును కాపాడినది ఒక్కటే: వేరొకచోట వేరొక ప్రతి యుండుట, వేరొక రూపమున మూలముండుట.

సోదరులారా! ఇక నిలువ తీసెదను. జమ పెద్దది. పల్లెటూరివాడు, బీదవాడు, కళాశాల యెరుగనివాడు ఆంగ్ల సాహిత్యమును తన చేతిలో పట్టుకొనుట వెనుకటి కాలమున లేదు. కనుక కంప్యూటర్లు తెప్పింపవలసినదే. ఆ తీర్మానమునకు నా చేయి మొదట లేచును. కాని ఖర్చు పద్దులు కొట్టివేయదగినవి కావు. "ఫోనులో ఉన్నది" అనుమాట "ఎవరో ఎక్కడో దాచుచున్నారు" అనుటకు మారుపేరు. వారు దాచినంతకాలము ఉండును. మన వంతుగా మనమును ఒక ప్రతి దాచవలెను. కనుక ఇంగ్లీషు బీరువాను అమ్మరాదని నా అభిప్రాయము. వరండాలోనికి మార్చుడు, కాళ్లక్రింద నూనె గిన్నెలు పెట్టుడు, ఏటేట పుస్తకములు ఎండలో పెట్టుడు. ఆ పనికి మనిషి కావలెనన్నచో ఆదివారములు నేను వచ్చెదను.

తుదకు ఒక చిన్న కానుక. ఇదిగో ఆ చెదలు తిన్న 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. మేనకోడలు చూపిన ఆ నాలుగు ప్రకరణములను ఫోనులో చూచుచు, లెక్కల పుస్తకపు కాగితములమీద నా చేతివ్రాతతో నకలు తీసితిని. మూడు నెలలు పట్టినది. నలుబది యాఱు పుటలు. పట్టణమున బైండు చేయించి, నేడు గ్రంథాలయమునకు తిరిగి అప్పగించుచున్నాను. ఇకమీదట ఈ బీరువా తెరచినవా రెవరికిని పాదిరిగారు చెరసాలలో చిక్కుకొని యుండరు.

నకలులో తప్పులు దొరలియుండవచ్చును. నా ఆంగ్లము స్వయముగా నేర్చినది. కన్నులు కూడ వెనుకటివి కావు. యువకులారా, రాబోవు కంప్యూటరులో మూలము తెరచి, నా పుటలను ప్రక్కన పెట్టుకొని, పుట పుటగా సరిచూచి ఎఱ్ఱసిరాతో దిద్దుడు. ఆ పని పూర్తి చేసినవారి పేరు నా పేరు క్రింద వ్రాయుటకు చివరి పుటలో చోటు విడిచియుంచితిని.